నాలుగో అంతస్తుకు మూడు టిక్కులు

జూన్ 13, శుక్రవారం

మళ్లీ రాయాలనిపించింది. ఉదయగిరి పక్క పల్లెలో ఆశా వర్కరుగా చేసిన తొమ్మిదేళ్లూ రోజూ ఏదో ఒకటి రాసేదాన్ని, కానీ అవన్నీ రిజిస్టర్లు. ఈ పుస్తకం నాది. దీనికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. తెలుగు చదివేవాళ్లు ఈ బిల్డింగులో లేరు కాబట్టి దాచాల్సిన పని కూడా లేదు.

తెల్లారేసరికి యుద్ధం మొదలైపోయింది. ఇజ్రాయెల్‌కు వచ్చిన నాలుగేళ్లలో సైరన్లు నాకు కొత్త కాదు గానీ, ఈసారి వచ్చేవి పెద్దవంటున్నారు. ముందు ఫోను అరుస్తుంది. తర్వాత ఊరు అరుస్తుంది. ఊరు అరిచాక తొంభై సెకన్లు. ఆ లోపల రెండంతస్తులు దిగి, రోడ్డు దాటి, స్కూలు కింద ఉన్న షెల్టరులోకి పోవాలి. నేనొక్కదాన్నే అయితే పోగలను. నేను చూసుకునే నయీమా అవ్వకు పక్షవాతం వచ్చి మంచం పట్టి మూడేళ్లు. ఎనభై ఆరేళ్ల మనిషి, నాకంటే ఇరవై కిలోలు ఎక్కువ. లిఫ్టు లేదు. కొత్త ఇళ్లలో లావు గోడలతో ఇనప తలుపుతో ఒక గది కడతారు. ఈ పాత బిల్డింగులో అదీ లేదు.

మంచాన్ని కిటికీ పక్క నుంచి లాక్కొచ్చి నడవలో వేశాను. రెండు పక్కలా గోడలే. ఇంతకంటే చేసేది లేదు.

మధ్యాహ్నం ఆత్మకూరు నుంచి మా ఆయన సురేంద్ర వీడియో కాల్ చేశాడు.

"ఏందే, టీవీలో ఊళ్లకు ఊళ్లే తగలబడతా ఉండాయి. నువ్వేడుండావు?"

"ఇంట్లోనే సేఫ్ రూము ఉండాదయ్యా. దాంట్లోనే ఉండాం."

"ఏదీ, చూపియ్యి."

ఫ్రిజ్ పక్క గోడకు ఫోను దగ్గరగా పెట్టి చూపించాను. లావుగానే కనిపించినట్టుంది. "నాయనా, అమ్మ బాగానే ఉండాదిలే" అని శ్వేత గొంతు వినపడింది. నమ్మిందో, నాయన్ను నమ్మించడానికి అన్నదో తెలియదు. పదిహేడేళ్లకే అది నన్ను మించిపోయింది.

జూన్ 14, శనివారం

అవ్వ నడుం కింద పుండు ఉంది. దానికి కట్టు మార్చడానికి వారానికి మూడుసార్లు క్లినిక్ నుంచి నర్సు వచ్చేది. నిన్న రావాల్సింది, రాలేదు. ఫోను చేస్తే, పరిస్థితి చక్కబడేదాకా ఇళ్లకు రాలేమంది. పుండుకు ఆ మాట చెబితే వింటుందా?

నేనే విప్పి, కడిగి, కట్టాను. అవ్వ పళ్లు బిగబట్టి ఓర్చుకుంది. ఆమె పుట్టింది బస్రాలో. సగం అరబ్బీ, సగం హీబ్రూ కలిపి మాట్లాడుతుంది. ఏ మాట మాట్లాడినా నా చెవికి మా ఉదయగిరి మాటగానే పడుతుంది, అట్లాగే రాస్తాను.

"పెంచీ, సైరన్ కొడితే నువ్వు పో. నేను బతికింది చాల్లే."

"ముయ్యవ్వా నోరు."

"బిడ్డ ఉండాది గదంటే నీకు."

"నీకు గూడా ఉండాది గదా బిడ్డ. ఆమె నన్ను పెట్టింది ఇందుకే గదా."

నవ్వింది. ఆత్మకూరు నుంచి తెచ్చుకున్న మాగాయ ముక్క ఒకటి నోట్లో పెట్టాను. పుల్లదనానికి ఒక కన్ను మూసుకుని చప్పరించింది.

సైరన్ నాలుగుసార్లు. నాలుగుసార్లూ మంచం పక్కన గోడకు ఆనుకుని, అవ్వ చెవులు మూసి కూర్చున్నాను. నా చెవులు మూసేవాళ్లు లేరు.

జూన్ 15, ఆదివారం

నగర ఆఫీసు నుంచి యాయెల్ ఫోను చేసింది. ముసలివాళ్ల ఇళ్లకు సాయం పంపించే పని ఆమెది. గంట లెక్కన వచ్చి, స్నానం చేయించి, వండిపెట్టి పోయే ఆడవాళ్లు ఎవరూ రావడం లేదంట. స్కూళ్లు మూశారు, వాళ్ల పిల్లలను ఎవరు చూస్తారు? ఈ బిల్డింగులో ఇంకా మూడిళ్లలో ముసలివాళ్లు ఉన్నారు. మొదటి అంతస్తులో కళ్లు కనపడని మరియా. మూడో అంతస్తులో ఒక ముసలి జంట. నాలుగో అంతస్తులో షిమోన్.

"రోజూ పది గంటల లోపల మూడు తలుపులు తట్టి, మనిషిని కళ్లతో చూసి, లిస్టులో టిక్కు పెట్టగలవా? నిన్ను బలవంతం చేయడం లేదు."

"నేను ఆశా వర్కర్నమ్మా. నూట ఎనభై ఇళ్లు తిరిగినదాన్ని. మూడిళ్లు నాకొక లెక్కా?" అన్నాను. ఎవరు అడిగారు నన్ను ఆ గొప్పలు? ఫోనుకు లిస్టు వచ్చింది. మూడు పేర్లు, పేరుకు ఎదురుగా రోజుకొక గడి. గడులు చూడగానే పాత ప్రాణం లేచొచ్చింది.

షిమోన్‌కు ఎనభై ఎనిమిది. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనాడు. పెళ్లాం పోయి పదేళ్లు. కొడుకు ఎలి దక్షిణాన ఎక్కడో ఉంటాడు. నేను తాలింపు పెట్టినప్పుడల్లా మెట్ల దగ్గరకొచ్చి అరిచేది ఈయనే. ఈ రోజు తలుపు తీసి నన్ను పైనుంచి కిందదాకా చూశాడు.

"మిరపకాయలు కాల్చి చంపుతావు. ఇప్పుడు బతికున్నానో లేదో చూడ్డానికి వచ్చావా?"

"అవును తాతా. ఉన్నావు. టిక్కు."

లోపల రేడియో గోల. చెవుడు గదా, బిల్డింగంతా వినేటట్టు పెడతాడు. రాత్రీ పగలూ అది మోగుతూనే ఉంటుంది.

జూన్ 16, సోమవారం

మూడు టిక్కులు. యాయెల్ గుండె బొమ్మ పంపింది. తొమ్మిదేళ్లలో మా సూపర్‌వైజర్ నాకు ఏ బొమ్మా పంపలేదు.

జూన్ 17, మంగళవారం

మూడు. సైరన్లు లెక్కపెట్టడం మానేశాను.

అవతలి దేశంలో కూడా ఈపాటికి ఏదో ఒక మంచంలో ఒక ముసలామె ఉంటుంది. ఆమె చెవులు ఎవరు మూస్తున్నారో.

జూన్ 18, బుధవారం

మూడు వీధుల అవతల పడింది. ఇల్లు ఊగింది. వంటింటి కిటికీ అద్దం పగిలి చేటలో పోసిన గింజల్లాగా నేలంతా పరుచుకుంది. చీపురుతో ఊడ్చాను, మళ్లీ తడిగుడ్డతో తుడిచాను, ఇంకా కాలికి గుచ్చుకుంటూనే ఉన్నాయి. ఇంట్లో చెప్పులు వేసుకోమని మరియా కేకేసి చెప్పింది. నలభై ఏళ్లు రావొస్తున్నా ఇంట్లో చెప్పులేసుకోవడం నాకు చేతకావడం లేదు.

సురేంద్ర ఫోను. "మనోళ్లను పంపిస్తా ఉండారంట. పేరు ఇయ్యి. పక్క దేశం దాకా బస్సులో తీసకపోయి విమానం ఎక్కిస్తారంట."

"అవ్వనేం చేసేది?"

"అవ్వ అవ్వ అంటా ఉండావే, నీకేమన్నా అయితే నన్నూ బిడ్డనూ ఆ అవ్వొచ్చి చూస్తాదా?"

"సేఫ్ రూము ఉండాదని చెప్పినా గదా" అన్నాను. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే.

జూన్ 19, గురువారం

 

పొద్దున షిమోన్ తలుపు తీశాడు గానీ తిట్టలేదు. అప్పుడే అనుమానం వచ్చింది. కూర్చోబెట్టి కాలు చూశాను. పాదం వాచింది. బొటనవేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయింది. ఆయాసం. "గుండెకు సంబంధించిందేమో తాతా, డాక్టర్ను పిలిపిస్తా" అంటే, "రేపు కూడా వచ్చి చూడు. నీ చెయ్యి చల్లగా ఉంది" అన్నాడు. ఈ ముసలాయన నోట మంచి మాట రావడం మొదటిసారి.

అప్పుడే ఊరు అరిచింది.

నేను నాలుగో అంతస్తులో ఉన్నాను. అవ్వ రెండో అంతస్తులో ఒక్కతే. మెట్ల మీద పరిగెత్తాను. సగంలో ఉండగానే ఢామ్మంది. ఎట్లా దిగానో తెలియదు. వచ్చి చూస్తే నడవ చివర తలుపుకున్న అద్దం పగిలి అవ్వ దుప్పటి మీద పడి ఉంది. దుప్పటి లేకపోతే మొహం మీదే. "పెంచీ, పెంచీ" అని పిలుస్తోంది. ఎంతసేపటి నుంచి పిలుస్తోందో.

అద్దం ముక్కలు ఏరుతూ ఏడ్చాను. అవ్వను వదిలిపెట్టి ఇక మెట్లెక్కకూడదు. ఎక్కను.

షిమోన్ కాలి సంగతి యాయెల్‌కు మెసేజ్ పెట్టాను. ఇక్కడ ఆఫీసులకు శుక్ర, శనివారాలు సెలవు గదా, ఆదివారం డాక్టరుకు చెబుతానని రాసింది.

జూన్ 20, శుక్రవారం

అవ్వకు జ్వరం. పుండు వాసన వస్తోంది. నర్సుకు ఫోటో పంపిస్తే మాత్ర పేరు రాసింది. మందుల షాపుకు పరిగెత్తి పరిగెత్తి వచ్చాను.

మూడో అంతస్తు జంటను వాళ్ల కూతురు వచ్చి తీసుకుపోయింది. మరియాను చూశాను. నాలుగో అంతస్తుకు పోలేదు. మెట్ల కింద నిలబడి విన్నాను, రేడియో మోగుతోంది. రేడియో పెట్టుకున్న మనిషి బతికున్నట్టే గదా.

టిక్కు పెట్టాను.

మా పల్లెలో కొండ వార ఇళ్లకు పోవాలంటే గంటన్నర నడవాలి. నెలకు నాలుగుసార్లు పోవాలని రూలు. ఎవరు పోయారు? మేమంతా ఇంట్లో కూర్చుని ఫోన్లో కనుక్కుని నింపేవాళ్లమే. ఖాళీ గడి కనపడితే సూపర్‌వైజర్ అందరి ముందూ నిలబెట్టి కడిగేస్తాడు. తప్పు టిక్కు ఎవరి కంటికీ కనపడదు. ఏ ఒక్కరికీ ఏమీ కాలేదు కూడా.

జూన్ 21, శనివారం

మరియా, టిక్కు. షిమోన్, టిక్కు. రేడియో వినపడుతోంది. పాటలు.

అవ్వకు జ్వరం నూట రెండు. మధ్యాహ్నం నుంచి ఒకటే మాట.

"పెంచీ, పైన ఎవురో కొడతా ఉండారు."

"ఎవురూ లేరవ్వా. పై ఇంటోళ్లు ఊరికి పోయినారు."

"కర్రతో కొడతా ఉండారు. మూడుసార్లు కొడతారు, నిలిపేస్తారు."

జ్వరం మాటలు. తలమీద తడిగుడ్డ వేశాను. గుడ్డ మార్చేటప్పుడు నాకు కూడా వినపడినట్టు అనిపించింది. టక్, టక్, టక్. ఈ పాత బిల్డింగులో నీళ్ల పైపులు కొట్టుకుంటాయి. యాయెల్‌కు చెబుదామని ఫోను తీశాను. ఏమని చెప్పేది? పొద్దున్నే చూశానని టిక్కు పెట్టి ఉన్నాను గదా. ఇంతలో ఊరు అరిచింది, అవ్వ చెవులు మూశాను.

పైపులే. సాయంత్రం అయిదింటి దాకా కొట్టుకున్నాయి.

జూన్ 22, ఆదివారం

టిక్కు. టిక్కు.

అవ్వకు జ్వరం తగ్గింది. పాలు తాగింది. పైన చప్పుడు లేదు. నేను చెప్పలేదా, పైపులని.

జూన్ 23, సోమవారం

యాయెల్ చెప్పిన డాక్టరు ఈ రోజు వచ్చాడు. తలుపు ఎంత తట్టినా తీయలేదని కిందికి వచ్చి నన్ను పిలిచాడు. మరియా దగ్గర తాళంచెవి ఉంటే తీసుకుని పైకి పోయాం.

షిమోన్ మంచానికీ గోడకూ నడుమ కింద పడి ఉన్నాడు. పక్కనే చేతికర్ర. రేడియోలో వార్తలు చెబుతున్నారు. డాక్టరే దాన్ని ఆపాడు.

నేను గడప దగ్గరే నిలబడిపోయాను. చెప్పులు బయట విడిచాను. ఎందుకు విడిచానో.

డాక్టరు ఫోన్లో లిస్టు తెరిచి చూశాడు. "నిన్న పొద్దున చూశావు గదా, బాగున్నాడా?" అని అడిగాడు. నేను తల ఊపాను. ఏ పక్కకు ఊపానో నాకే తెలియదు. ఆయన ఇట్లా రాసుకున్నాడు: నిన్న పది గంటలకు సజీవంగా చూశారు, మరణం ఈ రోజు తెల్లవారుజామున.

ఆయన తప్పేముంది? బయట మూడు అంబులెన్సులు ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి.

జూన్ 24, మంగళవారం

యుద్ధం ఆపారంట. వీధిలో ఎవరో కారు హారన్ మోగించుకుంటూ పోతున్నారు. శ్వేత ఫోను చేసి, "అమ్మా అయిపోయింది, ఇంక రా" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అది సంతోషం అనుకుంది.

మధ్యాహ్నం షిమోన్‌ను పూడ్చిపెట్టారు. కొడుకు ఎలి పొద్దున్నే వచ్చాడు. యాభై దాటినవాడు, అదే ముక్కు, అదే బుర్ర. ఈ ఏడు రోజులూ నాలుగో అంతస్తులోనే ఉంటాడు. వీళ్ల ఆచారం. తలుపు తెరిచే పెడతారు, పలకరించడానికి ఎవరైనా లోపలికి పోవచ్చు.

నేను పోలేదు.

జూన్ 25, బుధవారం

ఎలి తనే దిగి వచ్చాడు. చేతిలో కాయితం. యాయెల్ లిస్టును అచ్చు వేయించి ఇచ్చింది. షిమోన్ పేరుకు ఎదురుగా ఆదివారం దాకా అన్ని గడుల్లోనూ టిక్కులు.

"రోడ్లు మూసేశారు, నేను రాలేకపోయాను," అన్నాడు. "నాన్న ఒంటరిగా పోయాడేమోనని నాకు భయం. నువ్వు రోజూ పొద్దున చూశావంట. ఆదివారం ఏమన్నాడు? చివరి మాట ఏదైనా ఉందా?"

నేను నోరు తెరిచాను. "నా చెయ్యి చల్లగా ఉందన్నాడు" అన్నాను. అబద్ధం కాదు. అన్నాడు. గురువారం అన్నాడు.

ఆ మనిషి నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఆ చెయ్యి నాది కాకపోతే బాగుండు అనిపించింది.

పోతూ పోతూ చెప్పాడు. వాళ్లమ్మ పోయిన రోజున ఏటా దీపం పెడతారంట. ఇరవై నాలుగు గంటలు ఆరకుండా వెలిగే దీపం. ఇకమీదట నాన్నకు కూడా సోమవారం నాటి తారీకున పెడతారు. వాళ్ల పంచాంగంలో ఆ తిథి చూసి రాసుకున్నాడు. "మేం పెద్ద భక్తులం కాదు. కానీ రోజు తప్పకూడదు గదా."

రోజు తప్పకూడదు.

మా నాయన ఓబులయ్య గొర్రెలు తోలుకుని ఉదయగిరి కొండెక్కి తిరిగి రాలేదు. నాకు అప్పుడు పన్నెండేళ్లు. మూడోరోజు సాయంత్రం దొరికాడు. పాము కరిచిందన్నారు. ఏ రోజు పోయాడో తెలియదు. తిథి తెలియని చావుకు అమావాస్యే గతి అన్నాడు అయ్యోరు. ఇన్నేళ్లుగా అమావాస్యకే కూడు పెడుతున్నాం. అమ్మకు ఏనాడూ మనసొప్పలేదు.

అమ్మకు ఫోను చేశాను. ఏదో మాటల్లో అడిగినట్టు అడిగాను.

"అమ్మా, నాయన ఫలానా దినం పోయినాడని ఎవురన్నా ఒక దినం చెప్పుంటే, అబద్ధమైనా సరే, నీకు నిమ్మళంగా ఉండేదా?"

"ఏందే ఇప్పుడా మాట?"

"ఊరికే."

ఫోన్లో అమ్మ వెనకాల మేకపిల్ల అరుస్తోంది.

"చెప్పుంటే నమ్మేదాన్ని. నమ్మి ఆ దినం ఇస్తరాకు ఏసి కూడు పెట్టేదాన్ని. ఆయప్ప ఇంకో దినం వచ్చి, ఖాళీ అరుగు చూసుకోని, ఆకలితో మళ్లుకోని పొయ్యేవాడు. చెప్పినోడు తెలిసే అబద్ధం చెప్పుంటే మాత్రం, వాడికి పుట్టగతులుండవు పెంచలా."

"అట్లనే," అన్నాను.

"తిన్నావా?"

"తిన్నాను."

తినలేదు.

జూన్ 26, గురువారం

పొద్దుటి నుంచీ ఆలోచిస్తున్నాను. చెబితే నన్ను పంపించేస్తారు. అవ్వ కూతురు ఓర్నా ఇంకొకరిని వెతికేదాకా అవ్వ ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. పుండు ఇప్పుడిప్పుడే ఎర్రగా మానుతోంది. శ్వేత చదువు నడుమలో ఉంది. చెప్పకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. యాయెల్ మెచ్చుకుని నా పేరు పత్రికకు పంపుతానంది. ఏటేటా సోమవారం తిథికి ఒక దీపం వెలుగుతుంది. చూడ్డానికి ఏ లోపమూ లేదు. నా రిజిస్టర్లు కూడా అంతే, ఏనాడూ ఒక్క లోపం కనపడేది కాదు.

అవ్వకు స్నానం చేయించి, పౌడరు వేసి, "నేను పైకి పోయొస్తా" అన్నాను.

"పో. సైరన్లు లేవు గదా," అంది అవ్వ. నా మొహం చూసి, "ఆ కొట్టింది ఆయనేనంటే?" అని అడిగింది.

ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలుసు. మంచంలో ఉన్నవాళ్లకు వినడం తప్ప ఇంకేం పని?

పైన ఎలి పొట్టి పీట మీద కూర్చుని ఉన్నాడు. ఇంకెవరూ లేరు. నేను నిలబడే చెప్పాను. శుక్రవారం రాలేదు. శనివారం రాలేదు. ఆదివారం రాలేదు. మెట్ల కింద నిలబడి రేడియో విని టిక్కు పెట్టాను. నయీమా అవ్వను ఒక్కదాన్నే వదిలి పైకి రావడానికి భయపడ్డాను. రాలేనని యాయెల్‌కు ఒక్క మాట చెప్పి ఉంటే వేరేవాళ్లను పంపేది. చెప్పలేదు.

నా హీబ్రూ ఎంత కుంటిదో అప్పుడు తెలిసింది. కూరగాయలు కొనడానికీ, మందులు అడగడానికీ నేర్చుకున్న మాటలు. వాటితోనే చెప్పాను.

ఎలి, "అయితే ఏ రోజు?" అన్నాడు.

తెలియదని చెప్పవచ్చు. గురువారం తర్వాత ఏ రోజైనా కావచ్చు అంటే సరిపోయేది. నేను అక్కడిదాకే చెప్పాలని అనుకుని పోయాను. నిజంగా అంతే అనుకున్నాను.

"శనివారం," అన్నాను. "శనివారం మధ్యాహ్నం నుంచి కర్రతో నేలను కొట్టాడు. మూడుసార్లు కొట్టేవాడు, ఆపేవాడు. అవ్వ విన్నది. నేనూ విన్నాను. నీళ్ల పైపు అనుకున్నాను. లేదు, అనుకోలేదు. అట్లా అనుకోవాలని అనుకున్నాను. అయిదింటి దాకా కొట్టాడు. ఆదివారం కొట్టలేదు."

ఆయన లేచి కిటికీ దగ్గరకు పోయాడు. నా వైపు తిరగలేదు. అరుస్తాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

బల్ల మీద లిస్టు కాయితం ఉంది. వెనక్కి తిరిగి దాన్ని నా ముందుకు జరిపి, కలం ఇచ్చాడు. మూడు టిక్కులూ నా చేత్తో కొట్టేశాను. శనివారం మీద ఆయనే వేలు పెట్టి చూపించి, "ఇక్కడ అయిదు గంటలు అని రాయి" అన్నాడు. రాశాను.

కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కిందికి పో," అన్నాడు.

సాయంత్రం యాయెల్ ఫోను. గొంతులో మంచు. నా పేరు లిస్టులోంచి తీసేశారు. నన్ను ఇక్కడికి పంపిన ఏజెన్సీకి రాస్తారంట. ఓర్నా మాత్రం ఫోన్లో అరిచి అరిచి, చివరికి వేరే మనిషి దొరికేదాకా ఉండమంది. అది నెలో, వారమో. అవ్వకు చెప్పాను. నా చెయ్యి లాక్కుని తన చెంప కింద పెట్టుకుంది. సురేంద్రకు ఇంకా చెప్పలేదు. ఇది చెప్పాలంటే ఆ సేఫ్ రూము దగ్గర్నుంచి చెప్పుకుంటూ రావాలి.

జూన్ 27, శుక్రవారం

పొద్దున పది లోపల లిస్టు రాలేదు. యాయెల్‌ను అడిగితే, నా బదులు ఆదివారం నుంచి ఎవరో వస్తారంది. ఈ రోజు, రేపు? ఎవరూ లేరు.

చెప్పులేసుకుని బయల్దేరాను.

మరియా తలుపు తీసింది. విషయం ఆమె దాకా వచ్చినట్టుంది. కనపడని కళ్లు నా వైపు పెట్టి, తన భాషలో తిట్టింది. అర్థం కాలేదు గానీ తిట్టని తెలిసింది. తిట్టడం అయ్యేదాకా నిలబడి, పాలున్నాయా, మాత్ర వేసుకున్నావా అని అడిగాను. ఉన్నాయంది. వేసుకోలేదంది. వేయించి వచ్చాను.

మూడో అంతస్తు జంట తిరిగొచ్చారు. ముసలాయన తలుపు తీయలేదు. లోపల టీవీ మోగుతోంది. మళ్లీ కొట్టాను. మళ్లీ కొట్టాను. పది నిమిషాలకు తీశాడు, స్నానాల గదిలో ఉన్నానన్నాడు. ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి. భార్య ఎక్కడని అడిగాను. పిలిచి చూపించాడు.

నాలుగో అంతస్తుకు ఎక్కాను. తలుపు తెరిచే ఉంది. ఎలి పీట మీద కూర్చుని ఉన్నాడు. తలుపు తెరిచి ఉన్నా కొట్టాను. ఆయన తల ఎత్తి చూశాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపు నిలబడి దిగొచ్చాను.